నాలుక కింద

ఇంట్లో ఏది పగిలినా, ఏది ఒలికినా, ఏది కనబడకపోయినా "తప్పు నాదే" అనే మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలని చుట్టాలంతా అనేవాళ్ళు. బ్రేకు మేడం కూడా పెళ్ళయిన నాటినుంచీ అదే అనుకుంది. ఆ మాట మనిషిని ఎంతదూరం తీసుకుపోతుందో తెలిసేసరికి ఆయన గుండెలో సగానికి పైగా కండ చచ్చిపోయి ఉంది.

బ్రేకు మేడం అన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, శిష్యులు పెట్టింది. ఆవిడ కారు నడపడం నేర్పుతుంది. నేర్పే కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్క సీట్లో కూర్చున్న ఆవిడ కాలి కింద. ఆ రెండో బ్రేకు మీంచి ఆవిడ కుడిపాదం తీసిన పాపాన పోలేదు. ఎదురొచ్చే బండిని నమ్మదు, వెనకొచ్చే బండిని నమ్మదు, పచ్చలైటును అసలే నమ్మదు. నీకు పచ్చలైటు వెలిగింది సరే, అడ్డంగా వచ్చేవాడికి కళ్ళున్నాయో లేవో నీకేం తెలుసు అన్నది ఆవిడ మొదటి పాఠం. బస్సులో కూర్చున్నా, సినిమాహాల్లో కూర్చున్నా, ఎదురుగా ఏదైనా వేగంగా వస్తే చాలు, ఆ పాదం దానంతటదే నేలను అదుముతుంది. ఆయన అది చూసి నవ్వేవాడు.

ఆయన ఉద్యోగం ఫ్రిజ్జులూ వాషింగ్ మెషిన్లూ అమ్మే ఒక పెద్ద దుకాణంలో. అమ్మే పని కాదు. అమ్మిన తర్వాత చెడిపోయినవాటి కోసం కొట్లాడడానికి వచ్చేవాళ్ళ ముందు కూర్చునే పని. కింది అంతస్తులో, వెనకవైపు, సామాన్ల లిఫ్టు పక్కన ఆయన కౌంటరు. వచ్చినవాళ్ళను చివరిదాకా అననిస్తాడు. మధ్యలో ఒక్క మాట అడ్డం రాడు. అంతా అయ్యాక కళ్ళలోకి చూసి, "తప్పు మాదేనండీ" అంటాడు. అంతే. పులిలా వచ్చినవాడు పిల్లిలా వెళ్ళిపోతాడు. జేబుల్లో మేకులతో సహా ప్యాంట్లు ఉతికి మెషిను చెడగొట్టుకున్నవాడికీ అదే మాట, ఫ్రిజ్జు తలుపు తెరిచిపెట్టి ఊరెళ్ళిపోయినావిడకూ అదే మాట. దుకాణంలో ఆయన్ని ఫైరింజను అనేవాళ్ళు. ఎక్కడ అంటుకున్నా వచ్చి ఆర్పేస్తాడని.

తప్పెవరిదో తేల్చడం మొదలుపెడితే సాయంత్రమవుతుందిగానీ తేలదని ఆయన సిద్ధాంతం. "తప్పు మాదే అన్నావనుకో, అవతలివాడి చేతిలో ఇంక మాట మిగలదు" అని భార్యకు చెప్పేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా అనేవాడు. ఒకసారి ఆవిడే కారు వెనక్కి తీస్తూ గేటుకు కొట్టింది. ఇంతమందికి నేర్పే మనిషి తన గేటుకే తను కొట్టుకుందే అని ఒళ్ళు మండి, ఎవరిమీద విరుచుకుపడదామా అని ఇంట్లోకి వస్తుంటే, ఆయన గుమ్మంలోనే ఎదురొచ్చి, గేటు పూర్తిగా తెరిచి పెట్టాల్సింది, తప్పు నాదే అన్నాడు. పోగుచేసుకొచ్చిన తిట్లన్నీ ఆవిడ నోట్లోనే ఉండిపోయాయి. పిల్లలు లేని ఇల్లు, ఉన్నది ఇద్దరే, ఆ ఇద్దరిలో ఒకరు పోట్లాటకు రారు. ఇంక గొడవేముంటుంది?

మొదటిసారి గుండెపోటు ఆయనకు కౌంటరు దగ్గరే వచ్చింది. ఎదురుగా ఒక పెద్దమనిషి ఫ్రిజ్జులోంచి నీళ్ళు కారుతున్నాయని అరుస్తున్నాడట. ఈయనకు చెమటలు పట్టాయి, చొక్కా తడిసిపోయింది, ఎడమచెయ్యి లాగేస్తోంది. అయినా ఆ పెద్దమనిషి మాట పూర్తయ్యేదాకా విని, తప్పు మాదేనండీ అని, ఆ తర్వాతే కుర్చీలోంచి కిందికి జారాడు. నీళ్ళు కారుతున్నాయన్న పెద్దమనిషే ఆయన్ని ఎత్తుకుని అంబులెన్సు దాకా పరిగెత్తాడు. ఈ సంగతి చెప్పుకుని చాలారోజులు నవ్వుకున్నారు. అప్పటికింకా నవ్వుకునే రోజులే.

ఆస్పత్రిలో పూడుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి, అందులో స్టెంటు పెట్టారు. జల్లెడలాంటి సన్నటి గొట్టం. వార్డుకు వచ్చిన పెద్ద డాక్టరు, తెల్లజుట్టాయన, భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. గొట్టం కొత్తది, ఒంటికి అలవాటు లేదు, రక్తం దానిమీద గడ్డ కట్టాలని చూస్తుంది. కట్టకుండా ఆపేది ఈ మాత్ర. ఒక్కరోజు మానినా ప్రాణం మీదికొస్తుంది.

బ్రేకు మేడానికి ఆ మాట మహా నచ్చింది. ఇన్ని రోజులూ ఆయన గుండె అనేది ఆవిడ కాలికి అందని చోట ఉంది. ఇప్పుడు దానికో బ్రేకు దొరికింది, అది ఆవిడ చేతిలోనే ఉంది. పొద్దున్నే టీ అవగానే మాత్ర ఆయన అరచేతిలో పెట్టేది. నీళ్ళగ్లాసు అందించేది. గొంతు కదిలేదాకా ఎదురుగా నిలబడేది. ఆయన బుద్ధిగా మింగేవాడు.

ఫోను మోగేది కూడా సరిగ్గా అప్పుడే. ఆయన అక్క. బ్రేకు మేడానికి వదిన. కిటికీ తెరలు కుట్టి, తనే నిచ్చెనెక్కి తగిలించి వచ్చే మనిషి. ఆవిడకూ అంతకుముందే ఇదే జబ్బు వచ్చింది, ఇదే స్టెంటు వేశారు, ఇదే మాత్ర రాశారు. వేసుకుంటోంది, రాయిలా ఉంది, నిచ్చెనలెక్కుతోంది. "మేం ఒకే తానులో ముక్కలం, వాడికీ ఏం కాదు" అని రోజూ ఫోనులో చెప్పేది. ఆ మాట వినడం బ్రేకు మేడానికి ధైర్యంగానే ఉండేది.

కొన్ని వారాలకే, దుకాణం నుంచి ఇంటికొస్తూ బస్‌స్టాపు బెంచీ మీద ఆయన మళ్ళీ కుప్పకూలాడు.

ఈసారి స్టెంటులోనే గడ్డ కట్టింది. పెట్టిన గొట్టమే పూడుకుపోయింది. మళ్ళీ తెరిచారు. తెరిచేలోగా గుండెలో కొంత మేర కండకు రక్తం అందక చచ్చిపోయింది. మర్నాడు వార్డులో మంచానికి అటు వదిన, ఇటు బ్రేకు మేడం నిలబడి ఉండగా పెద్ద డాక్టరు వచ్చాడు. ఇంత తొందరగా గడ్డ కట్టిందంటే సాధారణంగా ఒకటే కారణమని, మాత్రలు మానేశారా అని అడిగాడు. అడిగినట్టు లేదు, తేల్చినట్టుంది.

వదిన చూపు మరదలి మీద పడింది. అదే మాత్ర నేనూ వేసుకుంటున్నాను, ఒకే తల్లి కడుపున పుట్టాం, నాకేమీ కాలేదు అంది. తర్వాత, ఎవరికీ చెప్పనట్టుగా, "ఇచ్చేవాళ్ళు సరిగ్గా ఇవ్వాలి కదా" అంది.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. మొగుడు మంచంలో ఉంటే ఇదొకటా అనిపించింది బ్రేకు మేడానికి. నోరు తెరిచింది. ఏం అనేదో ఏమోగానీ, మంచం మీంచి ఆయన గొంతు వినిపించింది.

"తను రోజూ ఇచ్చిందక్కా. నేనే వేసుకోలేదు. తప్పు నాదే."

ఆ మాటతో గది చల్లబడింది. డాక్టరు ముఖంలో ముడి విడిపోయింది. కారణం దొరికింది కదా. ఇకమీదట ఇలాంటి పిచ్చిపనులు చేయొద్దని గట్టిగా మందలించి, అదే మాత్ర మళ్ళీ మొదలుపెట్టమని చెప్పి వెళ్ళిపోయాడు. వదిన కళ్ళు తుడుచుకుని, ఎంత పని చేశావురా అంటూ తమ్ముడి తల నిమిరింది. మరదలి చెయ్యి పట్టుకుని, ఏదో నోరు జారాను, మనసులో పెట్టుకోకు అంది. మంటలన్నీ ఒక్క మాటతో ఆరిపోయాయి.

ఆరనిది బ్రేకు మేడం కడుపులో మంట ఒక్కటే. తన చేత్తో ఇచ్చింది. తన కళ్ళతో గొంతు కదలడం చూసింది. అయినా నమ్మింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టేయమన్నట్టు, ముందూవెనకా చూడకుండా నమ్మింది. ఎందుకు నమ్మిందని ఆ తర్వాత ఎన్నిసార్లు తనను తాను ప్రశ్నించుకుందో లెక్కలేదు. జవాబు ఒకటే వచ్చేది, అది ఆవిడకు నచ్చేది కాదు. ఎవరినీ నమ్మకపోవడమే ఆవిడ వృత్తి. ఎవరో ఒకరు ఏదో ఒకరోజు మోసం చేస్తారని కాలు బిగబట్టి కూర్చునే మనిషికి, మోసం చేశానని ఒకరు తమంత తామే వచ్చి చెబితే, చూశావా నేనన్నానా అనిపిస్తుంది. కోపంతో పాటు కాస్త తృప్తి కూడా కలిగింది ఆ రోజు. దాన్ని తలచుకుంటేనే ఆవిడకు ఇప్పటికీ సిగ్గు.

ఇంటికి తీసుకొచ్చాక కారు డిక్కీలోంచి టార్చిలైటు తెచ్చి వంటగది గూట్లో పెట్టింది. పొద్దున్నే మాత్ర, నీళ్ళు, ఆ తర్వాత తనిఖీ.

"నోరు తెరవండి. నాలుక పైకెత్తండి. అటు. ఇప్పుడు ఇటు."

ఆయన తెరిచేవాడు, ఎత్తేవాడు, అటూ ఇటూ తిప్పేవాడు. నాలుక కింద, దవడల వెనక, పళ్ళ సందుల్లో అంతా వెలుగు వేసి చూసేది. మాత్ర దాచిపెట్టి ఏ బేసిన్లోనో ఉమ్మేస్తున్నాడని ఆవిడ లెక్క. యాభై దాటిన మనిషి, కౌంటరు దగ్గర రోజుకు ముప్పైమంది చేత దండం పెట్టించుకునే మనిషి, కుర్చీలో కూర్చుని చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని పైకప్పు చూసేవాడు. ఒకరోజు దుకాణం వాళ్ళు చూడ్డానికి వచ్చారు. సరిగ్గా మాత్ర వేళ. రేపు చూడొచ్చులే అని ఆవిడ అనుకోలేదు. వాళ్ళ ముందే టార్చి వేసింది. వచ్చినవాళ్ళు గోడమీద గడియారం వైపు, కిటికీ వైపు, ఒకరి చెప్పుల వైపు ఒకరు చూసుకున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచి ఉండగానే వాళ్ళవైపు చూసి నవ్వడానికి ప్రయత్నించాడు.

ఆయన చెప్పాలని చూడలేదని కాదు. ఒక పొద్దున, గ్లాసు కింద పెట్టి, "ఆ రోజు ఆస్పత్రిలో నేనన్నానే, అదీ..." అని మొదలుపెట్టాడు.

"ఏమన్నారో నాకు తెలుసు. నోరు తెరవండి" అంది.

తెరిచాడు. తెరిచిన నోటితో మాట్లాడడం ఎవరి తరమూ కాదు. టార్చి ఆర్పేసరికి ఆయన మొహం మామూలుగా అయిపోయింది, ఆవిడ పాఠానికి వేళయింది. మళ్ళీ ఆ ప్రస్తావన రాలేదు.

ఇంట్లో ఒంటరిగా వదలడానికి భయపడి, ఆవిడ ఆయన్ని కారులో వెనకసీట్లో కూర్చోబెట్టుకుని పాఠాలకు తిరిగేది. శిష్యులకు అది పండగే. ముందుసీట్లోంచి చీవాట్లు, వెనకసీట్లోంచి ఓదార్పులు. గేరు కరకరమంటే, పాత కారు కదమ్మా, గేరుదే తప్పు అనేవాడు. ఆ రోజు నడుపుతున్నది గ్రంథాలయంలో పనిచేసే ఒకావిడ, పిన్నవయసు మనిషి. గుంతలో చక్రం పడి కారు ఎగిరింది. బ్రేకు మేడం ఊపిరి పీల్చుకుని తిట్టబోయి, వెనకనుంచి రావలసిన ఓదార్పు రాకపోవడంతో ఆగింది. ఆ తర్వాత మెల్లగా వినబడింది, "కాస్త ఆపుతావా" అని.

రెండో బ్రేకు తొక్కింది. కారు ఉన్నచోటే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే ఆయన మొహం తెల్లగా పాలిపోయి ఉంది. ఆవిడ జీవితంలో అంత ఠక్కున ఏ కారునూ ఆపలేదు, దానివల్ల ఆయనకు ఒరిగిందీ లేదు.

మూడోసారి ఆస్పత్రి. ఈసారి డ్యూటీలో ఉన్నది వేరే డాక్టరు, చిన్నామె. రక్తనాళం తెరిచి పైకి తీసుకొచ్చాక, ఆమె కూడా అదే ప్రశ్న అడిగింది. ఆయన ముక్కు మీద ఆక్సిజను మాస్కు ఉంది. దాన్ని వేలితో కొద్దిగా పక్కకు జరిపి, బొంగురు గొంతుతో, తప్పు నాదే, మళ్ళీ మానేశాను అన్నాడు.

మంచానికి అవతల వదిన ఉంది. అన్నీ కిందటిసారి లాగే ఉన్నాయి. కానీ ఈసారి బ్రేకు మేడం దగ్గర టార్చిలైటు సాక్ష్యం ఉంది.

"అబద్ధం" అంది. "రోజూ లైటు వేసి నాలుక కింద చూశాను డాక్టరుగారూ. ఒక్కరోజు కూడా వదల్లేదు. ఈయన మింగాడు."

ఆ మాట అంటుండగానే దాని వెనక ఉన్న రెండో మాట ఆవిడకు తట్టింది. ఇప్పుడు అబద్ధమాడుతున్న మనిషి అప్పుడూ అబద్ధమే ఆడాడు. అప్పుడూ మింగాడు. తను చూసింది నిజం, విన్నది అబద్ధం. ఆయన కళ్ళు మూసుకున్నాడు. అబద్ధం బయటపడ్డవాడిలా కాదు, చాలా అలసిపోయినవాడిలా.

చిన్న డాక్టరు ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. అయితే ఒక పరీక్ష చేయాలి అంది. జన్యుపరీక్ష. కాస్త రక్తం తీసుకుని పంపించారు.

ఫలితం వచ్చాక ఆమె వదిననూ మరదలినీ తన గదిలో కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఈ మాత్ర మింగగానే మందైపోదు. కాలేయంలో ఒక ఎంజైము దాన్ని మందుగా మారుస్తుంది. ఆ ఎంజైము చేయడానికి ప్రతి మనిషికీ తల్లి నుంచి ఒక జన్యువు, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. ఈయనకు వచ్చిన రెండూ పనిచేయని రకమే. అందుకని మాత్ర లోపలికి పోయింది, మందుగా మారలేదు, వచ్చిన దారినే పోయింది. ఆయన రోజూ మింగింది ఒక రకంగా సుద్దముక్క.

మరి నాకు పనిచేసిందే అంది వదిన. ఒకే తానులో ముక్కలం కదమ్మా అంది.

తాను ఒకటే అయినా ఇద్దరి చేతికీ అవే ముక్కలు రావని డాక్టరు చెప్పింది. మీ అమ్మగారి దగ్గర మంచిదొకటి, చెడ్డదొకటి ఉండుంటాయి, నాన్నగారి దగ్గరా అంతే. మీకు కనీసం ఒక్కటైనా మంచిది వచ్చుంటుంది, మీ తమ్ముడికి రెండూ చెడ్డవే వచ్చాయి. అందులో ఎవరి తప్పూ లేదు. వదిన చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంది. చిన్నప్పుడు ఏది పంచినా వాడికే పెద్ద ముక్క ఇచ్చేదాన్ని, ఇది మాత్రం నేనే లాక్కున్నాను కదా అంటూ ఏడ్చింది. అలా కాదని ఎంత చెప్పినా వినలేదు.

బ్రేకు మేడం ఏడవలేదు. ఆయనకు పనిచేసే మాత్ర వేరే ఉందా అని అడిగింది.

"ఉందండీ. దానికి ఈ ఎంజైముతో పనిలేదు. ఇవాళే మొదలుపెట్టేశాం."

"రెండోసారి వచ్చినప్పుడు కూడా ఉందా?"

"ఉంది" అంది.

మరి అప్పుడే ఈ పరీక్ష ఎందుకు చేయలేదని అడిగితే, పేషెంటే మానేశానని ఒప్పుకున్నారట కదండీ అంది ఆమె. కారణం దొరికాక ఇంకో కారణం ఎవరూ వెతకరు. మనుషులు వేసుకోకుండానే వేసుకున్నామని అబద్ధం చెప్పడం రోజూ చూస్తాం, వేసుకుని వేసుకోలేదని చెప్పేవాళ్ళుంటారని మాకూ తెలియదు. ఆమె గొంతులో నిష్ఠూరం లేదు, అదే భరించడం కష్టమైంది. కొత్త మాత్ర కొత్త గడ్డలు కట్టకుండా చూస్తుందనీ, పోయిన కండ మాత్రం తిరిగి రాదనీ చెప్పింది. మనిషి గుండె చేయాల్సిన పనిలో ఇప్పుడు ఆయన గుండె పావువంతుకు కాస్త పైన చేస్తోంది. అది పెరగదా అంటే, ఉన్నది నిలబడితే అదే చాలు అంది.

చేతులు కాలాక ఆకులు దొరికాయి. పైగా ఆ ఆకులు పక్కనే ఉన్నాయట, ఎప్పుడు కావాలన్నా అందేటంత దగ్గర్లో.

గదిలోంచి బయటికొచ్చిన బ్రేకు మేడానికి కాళ్ళు తిన్నగా కింది అంతస్తుకు నడిచాయి. ఫిర్యాదులు ఎక్కడ తీసుకుంటారని అడిగింది. వెనకవైపు, లిఫ్టు పక్కన అన్నారు. ఎక్కడైనా ఆ కౌంటరు లిఫ్టు పక్కనే పెడతారు కాబోలు. అద్దం వెనక ఒక నడివయసామె కూర్చుని ఉంది. బ్రేకు మేడం చెప్పింది. నిలబడే చెప్పింది, మొదటినుంచీ చెప్పింది, గొంతు ఎక్కడ లేచిందో తనకే తెలియలేదు. పెద్ద డాక్టరు అడిగిన తీరు, ఒక్క రక్తపరీక్షతో తేలిపోయే సంగతి, అదే మాత్ర మళ్ళీ ఇచ్చిన సంగతి, అన్నీ. ఆమె మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు. చివరిదాకా విన్నది. అంతా అయ్యాక కళ్ళలోకి చూసింది.

"తప్పు మాదేనండీ" అంది.

బ్రేకు మేడం నోట్లో ఇంక మాట లేదు. నిజంగానే లేదు. పోట్లాడడానికి వచ్చిన మనిషికి పోట్లాట చేతికందకుండా పోయింది. ఇన్నేళ్ళుగా ఆయన కౌంటరు ముందు నిలబడి, చల్లబడి ఇంటికెళ్ళిన మనుషులంతా ఏం పట్టుకెళ్ళారో ఆవిడకు అప్పుడు తెలిసింది. వట్టి చేతులు. తప్పు ఎవరిదో కావాలి ఆవిడకు, గట్టిగా పట్టుకోవడానికి. పెద్ద డాక్టరుదంటే, ఆయన అడిగింది అడగాల్సిన ప్రశ్నే. వదినదంటే, అక్కడ కూర్చుని కుమిలిపోతోంది. మొగుడిదంటే, తనను కాపాడబోయాడు. తనదంటే... వెనక నిలబడ్డవాళ్ళెవరో దగ్గితే పక్కకు జరిగింది.

ఇంటికొచ్చాక ఆయన ప్రపంచం రెండు గదులకు కుదించుకుపోయింది. మంచం నుంచి కుర్చీ, కుర్చీ నుంచి మంచం. మధ్యలో గోడ పట్టుకుని ఆగడం. ఫిర్యాదు సంగతి వదిన నోటినుంచి ఆయనకు చేరింది. ఆ నోట్లో నువ్వుగింజ నానదు. ఒక సాయంత్రం భార్య దిండు సర్దుతుంటే అడిగాడు.

"ఆ కౌంటరామె కళ్ళలోకి చూసి చెప్పిందా?"

"చూసే చెప్పింది."

"మొత్తం విన్నాకేనా?"

"మొత్తం విన్నాకే."

"అయితే పని బాగా నేర్చుకుంది" అన్నాడు. నవ్వాడు. నవ్వుకు ఊపిరి సరిపోక మధ్యలో వదిలేశాడు.

అప్పుడు అడిగింది ఆవిడ, ఆ మాట ఎందుకన్నారని. "అక్క నిన్ను అలా చూస్తుంటే చూడలేకపోయాను. ఒక్క మాటతో అయిపోతుందిలే అనుకున్నా. ఎప్పుడూ అయిపోయేది కదా" అన్నాడు. ఆ తర్వాత చెబుదామనుకున్నాడట. రెండోసారి ఎందుకన్నారంటే, మొదటిది అబద్ధమని తెలిస్తే నువ్వు ఆ టార్చిలైటు తలచుకుని ఏడుస్తావని అన్నాడు. ఇంకా ఏదో మొదలుపెట్టి, "తప్పు..." అనబోయాడు. ఆవిడ అరచేత్తో ఆయన నోరు మూసింది. ఆ మాట ఇంక ఈ ఇంట్లో వినబడకూడదంది. అన్నాక ఏడ్చింది, ఆయన అనుకున్నట్టే. టార్చిలైటు తీసుకెళ్ళి కారు డిక్కీలో పడేసి వచ్చింది.

మర్నాడు పొద్దున టీ అయింది. కొత్త మాత్ర ఆయన అరచేతిలో పెట్టింది. నీళ్ళగ్లాసు అందించింది. ఈసారి గొంతు వైపు చూడలేదు. ఎదురుకుర్చీలో కూర్చుని కిటికీ అద్దం మీద మరక చూస్తోంది. గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత ఏ చప్పుడూ లేదు. తిరిగి చూస్తే ఆయన తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, నాలుక పైకెత్తి కూర్చుని ఉన్నాడు.

అక్కర్లేదండీ, మూసుకోండి అంది. ఆయన మూయలేదు. వేలితో రమ్మని సైగ చేశాడు. నోరు తెరిచి అంతసేపు ఉండే ఊపిరి ఆయనకు లేదు, గుండెల మీద చొక్కా ఎగిరెగిరి పడుతోంది. అయినా చూసేదాకా మూసేట్టు లేడు. ఆవిడ లేచి వెళ్ళి వంగింది. కిటికీలోంచి వచ్చే వెలుతురు చాలు. అటు చూసింది, ఇటు చూసింది. నాలుక కింద ఏమీ లేదు.

"చూశాను" అంది.

అప్పుడు మూశాడు. ఊపిరి కుదురుకున్నాక, "ఇప్పుడు నిశ్చింతేగా నీకు?" అన్నాడు.

"నిశ్చింతేనండీ" అంది ఆవిడ, కళ్ళలోకి చూసి.

ఆయన తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. ఆవిడ మళ్ళీ ఎదురుకుర్చీలో కూర్చుని, చొక్కా కింద ఆ ఛాతీ లేవడం, ఆగడం, మళ్ళీ లేవడం చూస్తూ ఉండిపోయింది. బల్ల కింద ఆవిడ కుడిపాదం నేలను శక్తికొద్దీ అదిమి పట్టుకుని ఉంది.